మాట ఆపకు

"ఇక నా వల్ల కాదు బాబాయ్," అంటూ ఆ అమ్మాయి చేతి తొడుగులు తీసి పనిముట్ల పెట్టె మీద పడేసింది.

అపార్ట్‌మెంటు కింది అంతస్తులో లిఫ్టు బాగుచేస్తున్న మెకానిక్ తల ఎత్తలేదు. "పది రోజులు చూసి చెప్తానన్నావు. ఇవాళ తొమ్మిదో రోజే."

"పదో రోజుకి మాత్రం ఏం మారుతుంది? పొద్దున నా చేతిలోంచి పానా జారి మీ తలకి బెత్తెడు దూరంలో పడింది. మీకేమన్నా అయ్యుంటే?"

"అవలేదుగా."

"అవలేదు కాబట్టే మానేస్తున్నాను. కాలేజీలో చేరతాను. అమ్మ మొదట్నుంచీ అదే చెప్తోంది."

స్కూలు చదువు అయిపోగానే ఈ పనే నేర్చుకుంటానని ఇంట్లో పట్టుబట్టింది తనే. అప్రెంటిస్ ఒప్పందం మీద సంతకానికి రేపే గడువు.

మెకానిక్ ఏదో అనబోయాడు. అంతలో పక్క లిఫ్టు దడేల్మంది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. తలుపు పైన వెలుగుతున్న నాలుగు అంకె ఒకసారి మినుక్కుమని ఆరిపోయింది.

పరుగున మెట్లెక్కారు. నాలుగో అంతస్తులో మెకానిక్ తలుపు మీద దబదబా కొట్టాడు.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

జవాబు లేదు. మళ్ళీ కొట్టాడు.

"ఉన్నాను," అంది ఒక ఆడగొంతు. అంతే. కేకలు లేవు, ఏడుపు లేదు.

"నేను పైన మోటారు గదిలోకెళ్ళి చక్రం చేత్తో తిప్పి లిఫ్టుని ఈ అంతస్తుకి సమంగా తెస్తాను," అన్నాడు మెకానిక్ అమ్మాయితో. "అరగంట పడుతుంది. తలుపు ముట్టుకోకు. మాట మాత్రం ఆపకు. బయట ఓ మనిషి ఉందని లోపలి మనిషికి తెలుస్తుండాలి."

"నేనా? నేను మానేశానుగా!"

"అరగంటాగి మానెయ్," అంటూ రెండేసి మెట్లు ఎక్కుతూ వెళ్ళిపోయాడు.

అమ్మాయి తలుపు సందుకి నోరు ఆనించింది. "ఆంటీ, భయపడకండి. ఊపిరి బాగా ఆడుతోందా?"

"ఆఁ."

"ఎవరికైనా ఫోన్ చేసి చెప్పమంటారా?"

"వద్దు."

లోపలి నిశ్శబ్దం అమ్మాయికే గాభరా పుట్టిస్తోంది. "మీకు భయంగా లేదా?"

"లేదమ్మా. నీకే ఉన్నట్టుంది."

"ఉందండీ," అనేసింది అమ్మాయి. ఆ ఒక్క మాటతో కట్ట తెగినట్టయింది. పానా సంగతి, రేపటి ఒప్పందం మీద సంతకం పెట్టకుండా మానేద్దామనుకుంటున్న సంగతి చెప్పింది. మొదటి రోజు పైనుంచి లిఫ్టు గుంటలోకి తొంగి చూసి, భయంతో గోడకి బల్లిలా అతుక్కుపోయిన సంగతి చెప్పింది. గ్రీజు చేత్తో ముక్కు గోక్కుని, ఆ మీసంతోనే ఇంటిదాకా నడిచెళ్ళిన సంగతి కూడా చెప్పింది.

లోపల్నుంచి చిన్న నవ్వు వినిపించింది. నవ్వి చాలా రోజులైన గొంతులా కాస్త బొంగురుగా ఉంది.

"మరి ఈ పని ఎందుకు ఎంచుకున్నావు?"

"ఆగిపోయినది మళ్ళీ కదిలితే బాగుంటుందండీ. ఎలా చెప్పాలో తెలీదు. మొన్న బాబాయ్ నా చేత ఒక తీగ బిగింపించాడు. మీట నొక్కగానే లిఫ్టు కదిలింది. ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు, ఆ సంబరంతో."

"అయితే ఎందుకు మానేస్తున్నావు?"

"నా వల్ల ఎవరికైనా ఏమన్నా అయితే?"

లోపల చాలాసేపు మాట లేదు.

"ఆంటీ? ఆంటీ! ఉన్నారా?" అమ్మాయి రెండు చేతులతో తలుపు కొట్టింది. "మాట్లాడండి! ఏదో ఒకటి అనండి, తిట్టినా సరే!"

"ఉన్నాను తల్లీ," అంది ఆ గొంతు మెల్లగా. "ముఖం కూడా చూడని మనిషి పలక్కపోతే ఇంత కంగారుపడ్డావు. ఈ పని నువ్వు కాక ఇంకెవరు చేస్తారు?"

అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. తలుపు వెనకాల ఏదో కిర్రుమంది. లిఫ్టు అంగుళం అంగుళం పైకి జరుగుతోంది.

"కదులుతోందండీ! బాబాయ్ తిప్పుతున్నాడు!"

"తెలుస్తోంది. నువ్వు మాట ఆపకు."

అమ్మాయి ఆపలేదు. మెకానిక్ దిగొచ్చి, తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తెరిచేదాకా ఏదో ఒకటి చెబుతూనే ఉంది.

లోపలున్నామె బయటికి వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయేమో. నలగని బట్టలు, నున్నగా దువ్విన తల. చేతిలో సంచీ లేదు, ఫోనూ లేదు.

"ఏమీ అనుకోకండమ్మా, ఇబ్బంది పడ్డారు," అన్నాడు మెకానిక్ చెమట తుడుచుకుంటూ. "ఎన్నో అంతస్తుకి వెళ్ళాలి? మెట్ల మీదుగా మేమే దిగబెడతాం."

ఆమె అతని వైపు చూడలేదు. అమ్మాయి చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళు చల్లగా, బిగుసుకుపోయి ఉన్నాయి.

"రేపు సంతకం పెడతావుగా?"

"పెడతానండీ," అంది అమ్మాయి. ఆ మాట తన నోటివెంట అంత తేలిగ్గా వచ్చినందుకు తనే ఆశ్చర్యపోయింది.

"అయితే నన్ను కిందికి తీసుకెళ్ళు. ఎవరైనా డాక్టరు దగ్గరికి. దారిలో చెయ్యి మాత్రం వదలకు తల్లీ," అందామె. "నేను ఈ లిఫ్టు ఎక్కింది డాబా మీంచి దూకేద్దామని."