చెంగలి గెలిచిన ఆలివ్ కిరీటం

గ్రీకు దేశపు కొండ అడవిలో నాలుగేళ్లకోసారి జంతువులకు పాటల పోటీలు, పరుగు పందేలు జరిగేవి. ఒకసారి పరుగు పందెంలో చెంగలి అనే లేడి గెలిచింది. దాని తలకు ఆలివ్ ఆకుల కిరీటం పెట్టారు.

ఆనాటి నుంచి చెంగలికి స్థిమితం లేదు. తల వంచితే కిరీటం జారుతుందని మేత మానేసింది. గాలి వీస్తే ఉలిక్కిపడేది. చివరికి పరుగెత్తడమూ మానేసింది.

పదో రోజున ఆకలికి తాళలేక, వెనకటి విజేత మేకతాత దగ్గరికి వెళ్లింది.

"తాతా, నీ కిరీటాన్ని ఎలా కాపాడుకున్నావు?"

"కాపాడటమేమిటమ్మా? ఆ సాయంత్రమే తినేశాను. పరుగెత్తి వచ్చానేమో, కడుపు నకనకలాడింది."

చెంగలి మెల్లగా తల వంచింది. కిరీటం నేల మీద పడింది. ఎండి చేదెక్కిన ఆ ఆకుల్ని ఒక్కటీ మిగల్చకుండా నమిలి, వాగు వైపు పరుగు తీసింది.