లాల్చీ కింద బరువు

"ఇది మొత్తం స్టీలు. చూడ్డానికి చిన్నదే గానీ బరువు. పేల్చినప్పుడు చేతిలో ఎగిరిపడదు. రోజంతా నడుముకు పెట్టుకుని మోయాలంటే మాత్రం ఆలోచించుకోండి," అన్నాడు గన్ షాపతను.

రాఘవులు పిస్టల్‌ని అరచేతిలో పెట్టుకుని తూచినట్టు చూశాడు. పక్కనే ప్లాస్టిక్ బాడీది ఇంకొకటి ఉంది. తేలిగ్గా, బొమ్మలా ఉంది. వెనక ఉన్న షూటింగ్ రేంజిలో రెండూ కాల్చి చూశాడు. తేలికది ప్రతిసారీ పైకి లేచింది. స్టీలుది పెట్టిన గురికే తగిలింది. జనం మధ్య గురి తప్పితే ఏమవుతుందో వేరే చెప్పాలా? బరువుదే తీసుకున్నాడు.

"నడుముకు పెట్టుకోవడానికి లెదర్ పౌచ్ ఇవ్వనా?"

"లెదర్ వద్దు. గుళ్ళోకి వెళ్ళాలి."

షాపతను తల ఎత్తి చూశాడు. "మా గుడికి కాపలా. గుడివాళ్ళే పర్మిషన్ ఇచ్చారు," అని రాఘవులు చెప్పాక గానీ అతని ముఖం తేటపడలేదు.

నోవై ఊరి చుట్టుపక్కల తెలుగువాళ్ళు చందాలు వేసుకుని కట్టుకున్న గుడి అది. ఆదివారాలు పిల్లలకు అక్కడే తెలుగు క్లాసులు. గుడి సెక్యూరిటీ చూసే రేణు చలికాలం మొదట్లో ఫోన్ చేసింది.

"పార్కింగ్ లాట్‌లో ఎవరో కారులో కూర్చుని పిల్లల వైపే చూస్తున్నాడట, రాఘవులు గారూ. దిగడు, ఎవరితో మాట్లాడడు. క్లాసు అయ్యేదాకా ఉండి వెళ్ళిపోతాడట. మదర్స్ అంతా భయపడుతున్నారు."

"ప్రతి ఆదివారం వస్తూనే ఉన్నాను. నా కంట పడలేదే," అన్నాడు రాఘవులు. "పోలీసులకి చెప్పారా?"

"చెప్పాం. మళ్ళీ కనిపిస్తే కాల్ చేయమన్నారు. ఈలోపు మనవాళ్ళలోనే ఎవరైనా గన్ లైసెన్స్ తీసుకుని డోర్ దగ్గర నిలబడితే బాగుంటుందని కమిటీ అనుకుంది. సగంమంది వీసాల మీద ఉన్నారు, వాళ్ళకి రిస్క్. మిగతావాళ్ళు పిల్లలున్న ఇంట్లో గన్ వద్దంటున్నారు. మీరైతే సిటిజన్, పైగా..."

"ఒక్కడినే," అన్నాడు రాఘవులు.

"అదేనండీ."

పిల్లల్ని అలా కాచుకుని చూసేవాడు ఎలాంటివాడో తలుచుకుంటే ఆయనకు ఒళ్ళు మండింది. గన్ ట్రైనింగ్ క్లాసుకు వెళ్ళాడు. లైసెన్స్ తెచ్చుకున్నాడు. అప్పజెప్పిన పని సరిగ్గా చేయాలి, అంతే.

పిస్టల్ లాల్చీ కింద బాగానే దాగింది. మనిషే దానికి తగ్గట్టు మారాల్సి వచ్చింది. గర్భగుడి ముందు సాష్టాంగపడబోతే పొట్టలో గుచ్చుకుని లాల్చీ పైకి జరిగింది. అప్పటినుంచి నిలబడే దణ్ణం పెట్టుకుంటున్నాడు. భోజనాల హాల్లో కింద కూర్చుంటే పిడి పైకి తేలుతోంది. ప్లేటు పట్టుకుని గోడ పక్కన నిలబడి తిని, మళ్ళీ చెప్పుల స్టాండు దగ్గరికి వచ్చేసేవాడు.

ఒకప్పుడు ఆయనతో కలిసి పనిచేసిన శ్యామ్‌సుందర్ ఓ ఆదివారం చేతులు చాచుకుంటూ వచ్చాడు. కౌగలించుకుంటే నడుము దగ్గరిది తెలిసిపోతుంది. రాఘవులు వెనక్కి జరిగాడు.

"ఏంటి సార్, స్నానం చేసే వచ్చాను."

"జలుబుగా ఉందయ్యా."

"కోవిడ్‌లో కూడా మీరు ఇంత దూరం జరగలేదు సార్," అని నవ్వి లోపలికి వెళ్ళాడు శ్యామ్‌సుందర్. పై ఆదివారం దూరం నుంచే చెయ్యి ఊపాడు. ఆ తర్వాత అదీ లేదు.

పొద్దున పెట్టుకునేటప్పుడు స్టీలు ఒంటికి జిల్లుమని తగిలేది. కాసేపటికి ఒంటి వేడి పట్టి, ఉన్నట్టే తెలిసేది కాదు. ఇంటికొచ్చి తీసి పెట్టాక నడుము ఒకవైపు ఖాళీగా అనిపించేది.

"మీరు నిలబడ్డ దగ్గర్నించి వాడు మళ్ళీ రాలేదట, రాఘవులు గారూ. మీ పుణ్యమా అని అందరం నిశ్చింతగా ఉన్నాం," అంది రేణు ఒకరోజు.

ఆ మాట రాఘవులు ఇంటికి వెళ్ళేదాకా మనసులో అనుకుంటూనే ఉన్నాడు. అయినా ఆయనకు ఓ దిగులు పట్టుకుంది. రానివాడు రేపు రావచ్చు. నేరుగా లోపలికే రావచ్చు. అప్పుడు పిస్టల్ తీయాల్సింది తనే. ముఖం తెలియకుండా ఎవరి మీదకని తీస్తాడు?

"వాడి ఫోటో ఏమైనా ఉందా?" అని రేణుకి ఫోన్ చేసి అడిగాడు.

"కంప్లైంట్ చేసిన అదితి గారు తీశారట. ఇండియా వెళ్ళారు, రాగానే పంపిస్తానన్నారు."

తర్వాత ఓ ఆదివారం మంచు దట్టంగా కురుస్తోంది. లోపల పిల్లలు పద్యం వల్లిస్తున్నారు. రేణు ఫోన్ చేసింది.

"అదితి గారు ఇప్పుడే ఫోటో పంపారండీ. నేను డ్రైవ్ చేస్తున్నాను, ఇంకా చూడలేదు. మీకు ఫార్వర్డ్ చేశాను. మీరు చూసి, తెలిసినవాడేమో చెప్పండి. అలాగే పోలీసులకి పంపేద్దాం."

రాఘవులు ఒకసారి పార్కింగ్ లాట్ అంతా కలయజూశాడు. చెయ్యి నడుము మీదికి దానంతటదే వెళ్ళింది. రెండో చేత్తో ఫోటో తెరిచాడు.

కారు అద్దం కాస్త దించుకుని, బయట ఆడుకుంటున్న పిల్లల నోట తెలుగు వింటూ, పిస్టల్ కొనకముందు ప్రతి ఆదివారం కూర్చున్నట్టే, ఒక్కడే కూర్చుని ఉన్నాడు రాఘవులు.