దేవుడి దీపం మీద పోపు

ఇళ్లలో పొయ్యిలు నిషేధించి పన్నెండేళ్లయింది. వంటంతా గోడలోని మైక్రోవేవ్ పెట్టెదే. దేవుడి ముందు పెట్టే దీపానికి మాత్రం మినహాయింపు ఉంది. కాకినాడలో సత్యవేణి ఆ దీపం మీదే పోపు గరిటె పట్టుకుని, చెయ్యి పీకుతున్నా పావుగంట నిలబడి, ఆవాలు చిటపటలాడించింది. పోపు చారులో పడగానే, ఆ పొగ పసిగట్టి గోడ మీద ఎర్ర బల్బు వెలిగింది. పది నిమిషాల్లో ఆరోగ్య తనిఖీ అమ్మాయి గుమ్మంలో ఉంది.

"పొయ్యి ఎక్కడ దాచారండీ?"

"దాచడానికి అదేమన్నా దొంగసొత్తా? అదిగో, వెంకన్న ముందే వెలుగుతోంది. పట్టుకుపోతావా?"

అమ్మాయి దీపం వైపు, పోపు గరిటె వైపు చూసింది. "నూనె అలా కాగితే ఒంటికి మంచిది కాదండీ. పెట్టెలో వండితే పోషకాలన్నీ ఉంటాయి."

"మా చిన్నప్పుడు ఆ పెట్టె దగ్గర నిలబడితే జబ్బు చేస్తుందని మా అమ్మ వెనక్కి లాగేది. ఇప్పుడు పోపు జబ్బయిందా?"

లోపలి గదిలో, జ్వరం తగ్గిన అత్తగారు చారన్నం జుర్రుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

అమ్మాయి చేతిలోని తెర చూసుకుంది. "నాలుగు రోజులుగా పెట్టె ఆవిడకి సరైన పథ్యమే వండిందని ఉంది. మరి ఇదెందుకండీ?"

"వండింది. తిన్నదెవరో అడిగావా? మా అత్తగారు ఒక్క ముద్ద ముట్టలేదు. నాలుగు రోజుల పథ్యమూ చెత్తబుట్టే తింది. దాని ఆరోగ్యం బ్రహ్మాండంగా ఉంది, రాసుకో!"