పొయ్యికి ఎర్ర చీటీ

“మళ్ళీ ఎర్ర చీటీయేనా?” మేరియెట్ గొంతు లేచింది.

ఎల్విన్ కొత్త ఇనప పొయ్యి తలుపు పిడికి చీటీ కట్టాడు. అది ఉన్నంతవరకూ లోపల నిప్పు వేయకూడదు. ఊరి అగ్నిమాపక దళానికి ఆయనే పెద్ద. డెబ్బై దాటినా నిచ్చెన ఎక్కడంలో కుర్రాళ్ళు ఆయన ముందు దిగదుడుపే.

“మొదటిసారి, గొట్టం అతుకుల దగ్గర మూడేసి మరలు లేవన్నారు. బిగించాం. రెండోసారి, చిమ్నీ లోపల కిందనుంచి పైదాకా ఉక్కు గొట్టం దింపాలన్నారు. దింపాం. ఇంకా ఏం తక్కువైంది ఎల్విన్ గారూ?”

“పిల్ల మంచం ఎక్కడేస్తున్నావ్?”

“పైగదిలో. చిమ్నీ గోడకి ఆనించి. వెచ్చగా ఉంటుందని.”

ఆయన తలెత్తి పైకప్పు వైపు చూశాడు. “అయితే ఆ గోడ పగలగొట్టాలి,” అన్నాడు.

మేరియెట్‌కి చిర్రెత్తుకొచ్చింది. ఆ రోజు సోమవారం. గురువారం మధ్యాహ్నం పిల్లల సంక్షేమం ఆవిడ ఇల్లు చూడటానికి వస్తుంది. ఇల్లు వెచ్చగా ఉంటేనే ఏడేళ్ళ ఐవీని పెంచుకోవడానికి వీళ్ళకి అప్పగిస్తుంది. లేకపోతే ఆ పిల్ల ఇంకో ఊరికి, ఇంకో ఇంటికి పోతుంది. రెండేళ్ళుగా ఎదురుచూసిన పిల్ల. చూస్తే చమురు హీటరు అక్టోబరులోనే మూలపడింది, బయట మంచు మోకాలిలోతు పడింది.

“ముసలాయనకి నిప్పంటే భయం, అంతే,” అన్నాడు ఆమె భర్త క్లైడ్, ఎల్విన్ ట్రక్కు ఎక్కి వెళ్ళాక.

ఆ మాట ఊరంతా అనేదే. నలభై ఏళ్ళ కిందట ఎల్విన్ ఇల్లు తగలబడి, పైన పడుకున్న కూతురు పోయింది. నిప్పు ఎలా అంటుకుందో ఎవరికీ అంతుపట్టలేదు. ఆయన దళంలో చేరింది ఆ తర్వాతే. ఊళ్ళో కట్టెల పొయ్యి లేని ఇల్లు ఆయనదొక్కటే. చలికాలమంతా ఇంట్లో కూడా కోటు విప్పడు. అంతెందుకు, ఈ ఇంటి పాత యజమానురాలిని ముప్పై ఏళ్ళు ఈ చిమ్నీ కింద పుల్ల వెలిగించనివ్వలేదట. వెంటపడి మరీ చిమ్నీ నోటికి అడ్డంగా రేకు కొట్టించాడట.

మేరియెట్‌కి జాలి వేయకపోలేదు. కానీ ఆయన భయానికి తన పిల్ల దూరమవడం ఏం న్యాయం?

“భయమో, చాదస్తమో. ఆ చీటీ ఊడేదాకా నేను నిద్రపోను,” అంటూ సుత్తి వెతికి పెట్టుకుంది.

మంగళవారం తెల్లారేసరికి ఎల్విన్ వాకిట్లో ఉన్నాడు. పైగదిలో కొలత టేపు కూడా తీయకుండా, కప్పుకి జానెడు కింద వేలు పెట్టి చూపించాడు. “ఇక్కడ కొట్టు.”

నాలుగు దెబ్బలకి సున్నం రాలింది. రెండు ఇటుకలు లాగేసరికి మేరియెట్ చెయ్యి ఆగిపోయింది. అటకని మోసే దూలం కొస చిమ్నీ ఇటుకల్లోకే దూరి ఉంది. దానికీ ఉక్కు గొట్టానికీ మధ్య వేలెడు సందు కూడా లేదు.

“పొయ్యి రాత్రింబవళ్ళు మండితే, కర్ర లోలోపల మాడుతూ ఉంటుంది,” అన్నాడు ఎల్విన్. “పొగ ఉండదు, వాసన ఉండదు. రెండు చలికాలాలో మూడో గడుస్తాయి. తర్వాత ఓ రోజు అంటుకుంటుంది.”

గోడకి ఆనించి ఉన్న చిన్న మంచం వైపు చూసింది మేరియెట్. గభాలున దాన్ని గది మధ్యకి లాగేసింది.

“ఏ గాడిద కట్టాడండీ ఇది?”

“గాడిదే. జింకల వేట కాలం మొదలయ్యేలోపు పని తెమిల్చేయాలని, దూలానికి వేరే స్తంభం నిలబెట్టే ఓపిక లేక ఇటుకల మీద ఆనించేశాడు.”

ఆ రెండు రోజులూ ముగ్గురూ నడుం వాల్చలేదు. దూలం కొస కోశారు, పక్కన స్తంభం నిలబెట్టి మోయించారు. గోడ పూడ్చడం ఎల్విన్ ఎవరికీ ఇవ్వలేదు. తాపీ ఆయన చేతిలో చకచకా ఆడుతుంటే క్లైడ్ నోరు తెరిచాడు.

“ఈ పని ఎక్కడ నేర్చుకున్నారు?”

“కుర్రతనంలో,” అంటూ ఇంకో ఇటుక అందుకున్నాడు ఆయన.

గురువారం పొద్దున్నే ఎల్విన్ చీటీ తెంపి జేబులో పెట్టుకున్నాడు. మేరియెట్ చిన్న మంట వేసింది. ఆయన పైగదిలో గోడకి అరచెయ్యి ఆనించి, మధ్యాహ్నం దాకా కదలకుండా కూర్చున్నాడు. సంక్షేమం ఆవిడ వచ్చింది, కోటు విప్పింది, వేడి ‘ఆపిల్ పై’ ముక్క తింది, ఆదివారం ఐవీని తీసుకొస్తానని చెప్పి వెళ్ళింది.

మేరియెట్ ఒక్క ఉదుటున మెట్లెక్కి ఆయన పక్కన కూలబడింది. ఆనందంతో ఆమెకి ఏడుపొచ్చేసింది.

“మిమ్మల్ని ఎన్నెన్ని మాటలు అనుకున్నానో. ఆ దూలం అక్కడుందని మీకెలా తెలుసు?”

“కట్టినవాడు నాకు తెలుసు. వాడు జన్మలో రెండే చిమ్నీలు కట్టాడు. రెండూ ఒకేలా. ఇది రెండోది.”

“మరి మొదటిది?”

ఎల్విన్ గోడ మీదనుంచి చెయ్యి తీయలేదు.

“మొదటిది నేను మా ఇంటికే కట్టుకున్నానమ్మా.”