హిల్లా నవ్వింది

"జ్వరం తగ్గేదాకా బీరు మాన్పించండి. తొట్టిలోని వాననీళ్లు పట్టండి, అంత శుద్ధమైనది ఇంకోటి లేదు" అని చెప్పి వైద్యుడు వెళ్లిపోయాడు. కాలువనీళ్లు మంచివి కావని మా ఊళ్లో పిల్లలకూ పల్చటి బీరే పడతాం. ఐదేళ్ల నా కూతురు హిల్లా మూలుగుతూ ఉంది. హాలండ్‌లోని డెల్ఫ్ట్‌లో బట్టలమ్ముకునేవాణ్ణి, నేనేం చేయగలను?

ఏం చేయాలో తోచక, బట్టలో పోగులు లెక్కపెట్టడానికి అరగదీసుకున్న భూతద్దం తెచ్చాను. పాప కప్పులోని వాననీటి చుక్కను అందులోంచి చూపించాను.

"నాన్నా, పురుగులు! ఈదుతున్నాయి!"

"లోకంలో వీటిని మనిద్దరమే చూశాం తల్లీ."

"ఈ బుల్లిది చూడు, గిరగిరా తిరుగుతోంది!"

జ్వరం వచ్చిన నాలుగు రోజులకు నా బిడ్డ నవ్వింది. దాహమంది.

ఆ సంబరంలో తల ఎత్తిపట్టి, కప్పులో మిగిలిన నీళ్లన్నీ తాగించాను.

"ఇప్పుడు నా పొట్టలో ఈదుతాయా నాన్నా?"

"ఈదనీ బంగారం. నీకు తోడుంటాయి."