బల్ల దగ్గర చోటు

రొట్టె వద్దని చిట్టియ్య మొహం గోడ వైపు తిప్పేసుకున్నాడు.

మంచం పక్కన పీట మీద కూర్చున్న పాస్టరు ఆశీర్వాదం అయ్యగారు తెల్లబోయారు. మనిషి ఇవాళో రేపో అన్నట్టున్నాడు. ధవళేశ్వరం ఆనకట్ట దిగువన ఉన్న ఆ పల్లెకు పడవ మీద వచ్చి, ప్రభువు బల్లను, అంటే చర్చిలో ఆయన పేర పంచే రొట్టెను, ఇంటికే తెచ్చారాయన. అలాంటిది వద్దంటాడేంటి?

నిజానికి చిట్టియ్య రొట్టె ముట్టి తొమ్మిదేళ్ళు దాటింది. ఆదివారం ఆరాధనకు వస్తాడు, గుమ్మం దగ్గర కూర్చుంటాడు, బల్ల పరిచే వేళకి వలలు ఆరేయాలంటూ లేచిపోతాడు. ఏం వలలో పాపం! పెళ్ళాం అచ్చాయమ్మ మాత్రం అందరికంటే ముందు వెళ్ళి మోకరించేది. రొట్టె అందుకుంటూ ఏ నెలకా నెల ఏడ్చేది. అంత భక్తి గల ఆడది ఆ పల్లెలోనే లేదని జనం అనుకునేవారు. చిట్టియ్యా అదే అనుకున్నాడు. ఆమెను చూసినకొద్దీ అతనికి మరింత సిగ్గేసేది.

"నేను తప్పిపోయినోణ్ణండి అయ్యగారూ," అన్నాడు చివరికి. ఆయాసపడుతూ, ఆగి ఆగి అంతా చెప్పాడు.

కలరా వచ్చిన ఏడు అది. ఒక్కగానొక్క కొడుకు, ఏడాదిన్నరవాడు, వాంతులతో వడిలిపోయాడు. ప్రార్థించి ప్రార్థించి చిట్టియ్యకు నోరెండిపోయింది. మళ్ళీ అమ్మవారికి మొక్కినవాళ్ళకు బల్ల దగ్గర చోటు లేదన్నది సంఘం కట్టుబాటు. అయినా అచ్చాయమ్మ గుడ్డలు ఉతకడానికి కాలవకు వెళ్ళినప్పుడు, వదిలేసి వచ్చిన ఆ అమ్మవారి దగ్గరికే పరుగెత్తాడు. అక్కడిచ్చిన పసుపుతాడు తెచ్చి, చొక్కా కింద కనపడకుండా పిల్లాడి జబ్బకు కట్టాడు. ఎవరికీ చెప్పలేదు. సాయంత్రానికి వాడు పోయాడు. రోగానికి జడిసి ఎవరూ దగ్గరికి రాలేదు. తొడుక్కున్న చొక్కాతోనే పాత తెరచాప గుడ్డలో చుట్టి, చిట్టియ్యే పూడ్చిపెట్టాడు.

"ఆ తాడు వాడి చేతికే ఉండిపోయిందండి," అన్నాడు. "కడబూర మోగినప్పుడు చచ్చినోళ్ళందరితోపాటు వాడూ లేస్తాడు గదా. ప్రభువు అది చూసి, నువ్వు నావాడివి కాదంటే? మా నాన్న కట్టాడని చెప్పడానికి వాడికింకా మాటలే రావండి."

అయ్యగారు ముందుకు వంగి అతని చెయ్యి పట్టుకున్నారు. మనం చెయ్యి వదిలేసినా ప్రభువు వదలడని, చెప్పవలసిందే చెప్పారు. చిట్టియ్య తలకెక్కించుకోలేదు.

"నాలాంటోళ్ళకి కాదండి ఆ మాట. అదిగో, దానిలాంటోళ్ళకి," అని గుమ్మం వైపు చూపించాడు.

గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ అచ్చాయమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. అయ్యగారి చేతిలోని రొట్టెముక్క తీసుకుని మొగుడి పెదాలకు ఆనించింది.

"నువ్వు కట్టేసరికే వాడి మొలతాడుకి నేను కట్టింది ఉంది మావా."