ఒంటి వేడి

“స్విచ్చి వెయ్యకుండానే వేశానని చెప్తావా? నా చెవిలో పువ్వులు పెడదామనుకున్నావా?”

ప్రొఫెసరమ్మ గొంతుకి నడవా దద్దరిల్లింది. పక్క గదిలో ప్రయోగాల లెక్కలు చూసుకుంటున్న గణాంకాలాయన ఏం జరిగిందోనని లేచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆవిడ గొంతు లేచినప్పుడు ఎంతటివాళ్ళైనా గుమ్మం దగ్గరే ఆగడం ఆ ల్యాబులో అలవాటు.

ఆవిడ ఎదురుగా తలొంచుకుని నిలబడిన అమ్మాయి పీహెచ్‌డీకి చేరి ఇంకా ఏడాది కాలేదు.

“స్విచ్చి వేశాను మేడమ్. నా వంతు వచ్చినప్పుడల్లా వేస్తూనే ఉన్నాను.”

“వేస్తే నిన్నటి గీత ఇలా పడుకుంటుందా?” ఆవిడ కంప్యూటరు తెరని వేలితో పొడిచింది.

లోపలి గదిలో, బోనులో ఉన్న తెల్ల ఎలుక పొట్టలో చిన్న థర్మామీటరు పెట్టి కుట్టారు. ఎలుక ఒంటి వేడి ఎంతుందో అది బయట తెరమీద గీతగా గీస్తూ ఉంటుంది. బోనుమీదికి కాస్తంత మైక్రోవేవ్ రేడియేషన్ వదిలితే చాలు, ఆ గీత పైకి లేస్తోందని ప్రొఫెసరమ్మ కనిపెట్టింది. అంత బలహీనమైన కిరణాలకు ప్రాణి ఒంటి వేడి మారదని తక్కిన శాస్త్రజ్ఞులంతా అంటుంటే, మారుతుందని ఆవిడ ఒక్కతే అంటోంది. వచ్చే వారం పెద్ద సభలో నిలబడి చెప్పబోతోంది కూడా. తీరా చూస్తే, ఆవిడ స్విచ్చి వేసినప్పుడల్లా లేచే గీత ఈ పిల్ల వేసిన రోజున మాత్రం చాపలా పరుచుకుంటోంది. ఒళ్లు మండదూ మరి!

“ఇవాళ నేను వేస్తాను. గీత లేచిందా, నువ్వు అబద్ధాలకోరువి. రేపట్నుంచి ఈ గడప తొక్కక్కర్లేదు. నీ పీహెచ్‌డీ సంగతి ఇంకెక్కడైనా చూసుకో. సరేనా?”

అమ్మాయి ముఖం పాలిపోయింది. “సరే మేడమ్” అంది.

“మీరు సాక్షి” అంటూ ఆవిడ గణాంకాలాయన్ని ముందుకు పిలిచింది.

“మధ్యలో నేనెందుకండీ...” అని గొణిగాడు గానీ, కదిలే ధైర్యం ఆయనకూ లేదు.

ప్రొఫెసరమ్మ తలుపు ధడాలున తోసుకుని లోపలికి వెళ్ళింది. బోనుని బరబరా ఈడ్చి కిరణాల పెట్టె కింద పెట్టింది. “కదలకు, వెధవా!” అని ఎలుకని గదమాయించింది. స్విచ్చి వేసింది. ఎర్ర దీపం వెలిగింది. అదే విసురుతో బయటికొచ్చి చేతులు కట్టుకుని తెర ముందు నిలబడింది.

కాసేపటికి గీత కదిలింది. మెల్లమెల్లగా పైకి ఎగబాకింది.

“చూశారా? నిజాయితీగా స్విచ్చి వేస్తే ఎలా లేస్తుందో కళ్ళారా చూశారుగా! ఇక నీ పుస్తకాలు సర్దుకో అమ్మాయ్.”

అమ్మాయి కదల్లేదు. కళ్ళనిండా నీళ్ళున్నాయి.

“తప్పయితే క్షమించండి మేడమ్. నాకు కొన్నాళ్ళుగా అనుమానంగా ఉంది. అందుకే పొద్దున పెట్టె వెనక తీగ ఊడదీశాను. దీపం వెలుగుతుంది గానీ, కిరణాలు బోనులోకి పోవు.”

గణాంకాలాయన గదిలోకి వెళ్ళి వంగి చూసొచ్చాడు. తీగ నేలమీద పడి ఉందన్నాడు.

“మరి వేడెలా ఎక్కింది?” ప్రొఫెసరమ్మ గొంతు మొదటిసారి తగ్గింది. “దానికేమైనా జబ్బు చేసిందా?”

“జబ్బు కాదు మేడమ్.”

“మరేంటి? చెప్పు.”

“ఎలా చెప్పాలో తెలీక నాన్చుతూ వచ్చాను. మీరు లోపలికి వెళ్తేనే గీత లేస్తోంది మేడమ్. బోను పక్కన మీ గొంతు వినబడితే చాలు. భయం దానికి.”

భయపడిన ప్రాణికి ఒళ్లు వేడెక్కుతుందని ఏటేటా క్లాసులో పాఠం చెప్పేది ఆవిడే. పరీక్షలో ఆ ముక్క రాయకపోతే మార్కులు కోసేదీ ఆవిడే. ఇన్నాళ్ళూ ఆ గీతతో ఆవిడ కొలిచింది తన కోపాన్నే. ప్రొఫెసరమ్మకి తల కొట్టేసినట్టయింది. మెడ, చెంపలు, చెవులు మండిపోయాయి. ఆవిడ ముఖం చూడకుండా ఉండటానికి గణాంకాలాయన ఏడు దాటిన గోడగడియారం వంక మహా శ్రద్ధగా చూస్తున్నాడు. అది చూస్తే ఆవిడకి మరీ సిగ్గనిపించింది.

సభ పోతే పోయింది. ఈ పిల్లని ఎన్ని మాటలంది! అబద్ధాలకోరంది, గడప తొక్కొద్దంది, అదీ ఇంకొకరి ముందు.

“తప్పు నాదేనమ్మా.” ఆ రెండు మాటలూ పెగల్చడానికి ఆవిడ నానా తంటాలు పడింది. “రేపు ఎప్పట్లాగే రా. సభకి రావడం లేదని చెప్పేస్తాను. ఎలుకల పని ఇక నువ్వే చూడు. నేను ఆ గదిలోకి రాను.”

అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ తలూపింది. ఇదే సందని గణాంకాలాయన తన గదిలోకి జారుకున్నాడు.

ప్రొఫెసరమ్మ తలుపు అద్దంలోంచి లోపలికి తొంగిచూసింది. ఎలుక బోనులో ఓ మూలకు నక్కి ఉంది. నోరులేని జీవి. తన భయాన్ని రోజూ గీత గీసి మరీ చూపిస్తుంటే, తను దాన్ని పదిమందికీ చూపించి మురిసిపోయింది. ఎలుకకి క్షమాపణ ఎలా చెప్పాలో ఆవిడకి తెలియలేదు.

చేతిలో ఫోను మోగింది. భర్త. ఆయన గొంతులో సంతోషం పొంగిపోతోంది.

“శుభవార్త! ఇంతమంది డాక్టర్లకి అంతుపట్టని మన పిల్లదాని జ్వరం, రోజూ సాయంత్రమయ్యేసరికి వచ్చి కూర్చునేది, ఇవాళ రానే లేదు! ‘అమ్మ ఆలస్యంగా వస్తుందట’ అని చెప్పానా, అప్పట్నుంచీ హాయిగా ఆడుకుంటోంది. ఒళ్లు చల్లగా ఉంది. ఇన్ని మందులు వాడాం కదా, ఏది పనిచేసిందంటావ్?”